అంగారక యాత్రకు అనంతపురం రైతే దిక్కు

అంగారకుడి మీదికి మనుషుల్ని పంపాలని ఉబలాటపడే సంస్థలన్నింటికీ ఒక సవినయ మనవి. మీ లాజిస్టిక్స్ ఆఫీసును అనంతపురానికి మార్చండి. ఇక్కడ అద్దెలూ తక్కువే.

అక్కడికి రాకెట్ వదలడానికి అదను 26 నెలలకోసారి వస్తుందని శాస్త్రవేత్తలు తెగ టెన్షన్ పడుతుంటారు. తేదీ ముందే తెలిసినవాళ్లకు టెన్షన్ దేనికో! మా శెనక్కాయ రైతుకు విత్తడానికి నేల పదును ఎప్పుడవుతుందో పంచాంగం చెప్పదు. వాతావరణ శాఖ చెప్పినా మేఘం వినదు. వాన పడ్డాక నాలుగు రోజుల్లో గొర్రు కట్టకపోతే ఇక అంతే సంగతులు.

2014 అక్టోబరు నుంచి 2015 జూన్ ఆఖరు దాకా స్పేస్ స్టేషన్‌కు సరుకులతో బయల్దేరిన నౌకల్లో ఒక సిగ్నస్, ఒక ప్రోగ్రెస్, ఒక డ్రాగన్ దారిలోనే పోయాయి. అయినా పైనున్నవాళ్లు పస్తులుండలేదు. నెలలకు సరిపడా నిల్వ ముందే ఉంది. దాన్ని రిస్క్ మేనేజ్‌మెంట్ అన్నారు. మా రైతు మొలక మాడితే మళ్లీ విత్తుదామని కాసిన్ని కాయలు ఒలవకుండా దాస్తాడు. నడుమ నడుమ కంది సాళ్లు వేస్తాడు. అన్నీ పోతే ఆగస్టులో ఉలవలు చల్లుతాడు. దీన్ని మాత్రం వెనకబాటుతనం అన్నారు.

ఎనిమిది రోజులకని 2024 జూన్‌లో స్పేస్ స్టేషన్‌కు వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ 286 రోజులుండి దిగారు. లోకం నోరెళ్లబెట్టింది. నెల రోజులు కూలి చేసొస్తామని బెంగళూరు బస్సెక్కి ఉగాదికి గానీ దిగనివాళ్లు కళ్యాణదుర్గం పల్లెల్లో బోలెడుమంది. వాళ్ల కోసం ఏ టీవీ లైవ్ పెట్టలేదు లెండి.

ఒక్క జాగ్రత్త. సలహా రైతు దగ్గర తీసుకోండి గానీ, పంపిణీ మాత్రం మా సర్కారు విత్తనాల కౌంటర్‌కు అప్పగించకండి. అక్కడొక పెద్దాయన బొటనవేలు తువ్వాలుకు తుడిచి తుడిచి వేలిముద్ర మిషన్ మీద పెడుతున్నాడు. మేడితోక పట్టి పట్టి గీతలు అరిగిన వేలు.

"పడ్లేదు పెద్దాయనా, ఇంగోసారి పెట్టు."

పెట్టాడు.

"సర్వర్ పాయె. రేపు రా."

అంగారకుడి నుంచి కబురు రావడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుందట. పెద్దాయనకు సంచీ అందేసరికి పదును ఆరిపోయింది. మావాళ్ల చేతిలో పెడితే, ఆక్సిజన్ సిలిండర్ కోసం వచ్చిన వ్యోమగామిని కూడా వరుసలో నిలబెట్టి, గ్లవుజు తీసి వేలిముద్ర వెయ్యమంటారు.