ఎత్తెంత, మార్కులెన్ని

"చెట్టేదైతేనేం, పచ్చగా ఉంటే చాలు" అనే పెద్దమనిషి కనిపిస్తే పాదాలకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆ వంకతోనైనా కిందనున్న మట్టి వైపు ఒకసారి చూస్తారని.

నాటే మొక్కల ఎంపిక ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. అచ్చం ఉద్యోగం ఇంటర్వ్యూలాగే. ముందు కానుగ వస్తుంది. "అయిదేళ్ళలో ఎంత ఎత్తు?" "ముందు వేళ్ళు దింపుతానండి. వేరు బుడిపెల్లో బాక్టీరియాకు చోటిచ్చి, గాలిలో నత్రజనిని..." "ఎత్తు అడిగాం." "ఆకు రాలుస్తానండి, వానపాములు..." "వానపాములు కలప ఇస్తాయా? నెక్స్ట్!"

తర్వాత ఆస్ట్రేలియా నుంచి జామాయిల్. సన్నగా, నిటారుగా, పశువు ముట్టని ఆకుతో. నేలకేం చేస్తావని ఎవరూ అడగరు. పాపం అదే నిజాయితీగా మొదలెడుతుంది: "నా ఆకు ఓ పట్టాన కుళ్ళదండి. అందులో నూనెలు సూక్ష్మజీవులకు పడవు. కొన్ని చోట్ల నా కింద ఎండిన మట్టి మీద నీళ్ళు పోస్తే ఇంకవు, బొట్లు బొట్లుగా నిలుస్తాయి..." బోర్డువారు అప్పటికే లేచి చప్పట్లు కొడుతున్నారు.

పరాయిదైనంత మాత్రాన చెడ్డదని కాదు. సరుగుడు చాలా దేశాలకు వలస వచ్చిందే, ఇసుక నేలకు నత్రజని పెడుతుంది. అలాగని నత్రజని పెట్టినవాళ్ళందరూ పుణ్యాత్ములూ కారు. హవాయి లావా నేలల్లో ఫాయా అనే పరాయి చెట్టు దాన్ని ధారాళంగా పంచితే, ఆ సారం తిని బలిసింది తోటి పరాయి మొక్కలు!

అసలు చెట్టుననేం లాభం? జామాయిల్ కాల్షియం ఎక్కువగా దాచేది బెరడులో. కొట్టినచోటే ఒలిచి పడేస్తే నేల సొమ్ము నేలకే చేరుతుంది. అబ్బే, బెరడుతో సహా లారీ ఎక్కిస్తారు. కొమ్మా రెమ్మా ఊడ్చేసి, మిగిలింది తగలబెట్టి, తడి నేల మీద యంత్రాలు తిప్పి అణగదొక్కుతారు. కొన్నేళ్ళకు మళ్ళీ అదే కోత. అంగుళం మట్టికి వందల ఏళ్ళు పడుతుందయ్యా! అది దోచుకుని, నాలుగు సంచుల యూరియా చల్లి, "నేల పునరుద్ధరణ" అని బోర్డు పెట్టడానికి సిగ్గుండక్కర్లేదా?

సిగ్గెందుకు, లెక్క పక్కాగా ఉంటే? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనంలో అర హెక్టారు దాటిన చోట 5 మీటర్ల చెట్లుండి, 10 శాతం మించిన నేలను కొమ్మల పందిరి కమ్మితే అది అడవే. కలప తోటా అందులోకే వస్తుంది. మొత్తం నరికేశాక కూడా, అయిదేళ్ళలో మళ్ళీ పెరుగుతుందనుకుంటే, ఆ మోళ్ళ బీడూ అడవే. మట్టికి మాత్రం అందులో ఒక్క మార్కూ లేదు.