ఇల్లీగల్ బ్లాకులు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరల్ బాడీ మీటింగ్. నేను ట్రెజరర్ని. అందరూ తప్పుకుంటుంటే చివరికి మిగిలినవాణ్ణి కాబట్టి ట్రెజరర్ని. ఏడాది లెక్కలన్నీ లాప్‌టాప్‌లో సిద్ధం చేసుకుని, మూత మూసి (మూస్తే అది నిద్రపోతుంది, తెరిస్తే లేవాలి), చంకన పెట్టుకుని నాలుగో అంతస్తు నుంచి దిగాను. అసోసియేషన్ టీవీకి కేబుల్ తగిలించి మూత తెరిచాను. ఫ్యాను హోరుమంటోంది. తెర మాత్రం నల్లగా అలాగే ఉంది.

మౌస్ కదిపాను. స్పేస్ బార్ బాదాను. క్యాప్స్ లాక్ నొక్కితే దాని బుల్లి దీపం కూడా వెలగలేదు. అది వెలగకపోతే లోపల కెర్నల్‌కే, అంటే యంత్రాన్ని నడిపే అసలు ప్రోగ్రాముకే, స్పృహ లేనట్టట. ఈ వైద్యశాస్త్రం నాకు రాత్రి తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ముందు వరుసలో నలభై మంది చేతులు కట్టుకుని చూస్తున్నారని. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి పీక నులిమేశాను.

ఇందులో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది మా బావమరిది. రెండేళ్ల కిందట సంక్రాంతికొచ్చి, అరిసెలు తింటూ, "1991లో ఫిన్లాండ్‌లో ఓ కుర్రాడు సరదాకి మొదలెట్టాడు బావా, ఇవాళ ప్రపంచంలో సర్వర్లు చాలావరకు దీని మీదే" అని నాకు దీక్ష ఇచ్చి వెళ్లాడు. సర్వర్లు నిద్రపోవు కదా అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

మళ్లీ ఆన్ చేస్తే ఈసారి టీవీలో నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు. డిస్కులో ఏదో అనుకోని పొంతనలేమి ఉందట, ఎఫ్ఎస్‌సీకే అనే డిస్కు మరమ్మతు ప్రోగ్రామును చేతులతో నడుపుకోమంది. బావమరిదికి ఫోన్ చేశాను. "ఎఫ్ఎస్‌సీకే కొట్టి, పక్కన డిస్కు పేరిచ్చి, ఏమడిగినా వై కొట్టు బావా" అని పెట్టేశాడు. వెనక పాప్‌కార్న్ నములుతున్న చప్పుడు.

కొట్టాను. మొదటి ప్రశ్న వచ్చింది. ఫలానా నంబరు ఐనోడ్‌లో, అంటే ఒక ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసిన చీటీలో, "ఇల్లీగల్ బ్లాక్స్", అంటే చెల్లని చోట్లు, ఉన్నాయి, "క్లియర్?" అని.

ఇక్కడ మా అపార్ట్‌మెంట్ భూగోళం కొంచెం చెప్పాలి. ఏ బ్లాకు, బీ బ్లాకు అని మాకు రెండు. బీ బ్లాకు నెత్తిన బిల్డరు కట్టిన పెంట్‌హౌస్ ఒకటుంది. ప్లానులో లేదు, ఆకాశంలో ఉంది. 2015లో క్రమబద్ధీకరణకు పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు. నేనుండేది ఏ బ్లాకులో. ఈ నేపథ్యంలో, యాభై అయిదు అంగుళాల టీవీ మీద, బీ బ్లాకు సభ్యులు సగం మంది ఉన్న సభలో, ఇల్లీగల్ బ్లాకులు క్లియర్ చేయమంటావా అని యంత్రం అడిగింది. నేను వై నొక్కాను.

ముందు వరుసలో రిటైర్డ్ డిప్యూటీ తహశీల్దారు గారొకరు కూర్చున్నారు. ఇరవై ఏళ్లు పహాణీలు చదివిన కళ్లు. ఆయన ప్రతి లైనూ పైకి చదవడం మొదలెట్టారు. "మల్టిప్లై క్లెయిమ్డ్ బ్లాక్స్... ఆహా, ఒకే బ్లాకును ఇద్దరు నాదంటే నాదంటున్నారన్నమాట. డబుల్ రిజిస్ట్రేషన్ కేసు!" నిజానికి డిస్కులో జరిగిందీ అదే, రెండు ఫైళ్లు ఒకే చోటును రాయించుకున్నాయి. అంత బాగా మా బావమరిది కూడా చెప్పలేదు. కానీ వెనక నుంచి "పార్కింగ్ సంగతేనా?" అని ఒక గొంతు లేచింది.

నేను వై, వై, వై అని నొక్కుకుంటూ పోతున్నాను. నాలుగైదు వైల తర్వాత ఆ మహాతల్లికి నా మీద జాలి కలిగి బ్రాకెట్లో ఒక సౌకర్యం చూపించింది. తహశీల్దారు గారు అదీ చదివారు. "ఏ ఎనేబుల్స్ యెస్ టు ఆల్."

సెల్లార్ నిశ్శబ్దమైంది.

"చూశారా? ఏ వాళ్లయితే అన్నిటికీ యెస్సట. బీకి మాత్రం కోర్టులు, నోటీసులు" అన్నారు బీ బ్లాకు నుంచి ఒకాయన, లేచి నిలబడి మరీ.

ఒక్క ఏ నొక్కితే ఒడ్డున పడతాను. వేలు దాని మీదే ఉంది. కానీ ఏ బ్లాకు ట్రెజరర్ని, అందరూ చూస్తుండగా ఏ ఎలా నొక్కను? మొత్తం వై లతోనే గట్టెక్కించాను. ఎన్నో లెక్కపెట్టలేదు, చూపుడువేలు ఇవాళ కూడా ముద్ద కలపనివ్వడం లేదు. మధ్యలో "అన్‌కనెక్టెడ్" డైరెక్టరీని "లాస్ట్ ప్లస్ ఫౌండ్"కి, అంటే దిక్కులేని ఫైళ్లను చేర్చే ఫోల్డరుకి, కలపమంటావా అని అడిగితే, వాచ్‌మన్ "పోయిన మోటరు దొరికిందా సార్?" అన్నాడు.

సమావేశం వచ్చే ఆదివారానికి వాయిదా. సెక్రటరీ గారు మినిట్స్‌లో "ఇల్లీగల్ బ్లాకులు క్లియర్ చేయుటకు ట్రెజరర్ అంగీకరించిరి" అని రాసుకున్నారు. చెరిపేయమంటే సంతకాలైపోయాయన్నారు.

రాత్రి పదకొండుకు బావమరిది తీరిగ్గా ఫోన్ చేశాడు. పవర్ బటన్ నొక్కకూడదట. యంత్రాన్ని జాగ్రత్తగా రీస్టార్ట్ చేయడానికి ఆల్ట్, సిస్ఆర్‌క్యూ మీటలు నొక్కిపట్టి ఆర్ఈఐఎస్‌యూబీ అని ఒక్కో అక్షరం మీటాలట. వీణా నాది? నా కీబోర్డులో సిస్ఆర్‌క్యూ అనే మీటే లేదు. పైగా కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో తయారీవాళ్లే గాఢనిద్ర తీసేసి కునుకు ఒక్కటే ఉంచుతున్నారట, "అది లైనక్స్ తప్పు కాదు బావా" అట. తప్పు ఎవరిదో రెండేళ్లుగా అడుగుతున్నాను, ప్రతిసారీ "లాగ్స్ పంపు" అంటాడు, అంటే యంత్రం రాసుకునే దినచర్య. ఆ లాగ్స్ కూడా లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లోనే ఉన్నాయి, పేర్లు పోయి, ఉత్త నంబర్లతో, ఖైదీల్లా. లెక్కల షీటు అక్కడున్న 212 మందిలో ఎవరో ఇంకా తేలలేదు. ఇప్పటికి 60 తెరిచాను, ఎక్కువగా వాట్సాప్ గుడ్ మార్నింగులు.

పొద్దున లిఫ్టులో బీ బ్లాకు పెంట్‌హౌస్ ఆవిడ కనిపించారు. మూడో అంతస్తు దాకా మాట్లాడలేదు. తర్వాత, "మా ఇంటి సంగతి మీ కంప్యూటర్‌కి ఎవరు చెప్పారన్నయ్యగారూ?" అని అడిగారు.

మా బావమరిది అని చెప్పాను.