కాళ్ళ వాపు, కాళ్ళ దారి

(పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీద పెంకుటిల్లు. అరుగు మీద సూర్రావు గారు. పాదాలు ముక్కాలిపీట మీద, ఫోను ముక్కు దగ్గర.)

సూర్రావు: ఏమే, ఇది నన్ను కాళ్ళ వెళ్ళమంటోంది!

సత్యవతి: ఏ కాళ్ళండీ?

సూర్రావు: భీమవరం అవతల కాళ్ళ అనే ఊరు. "కాళ్ళ" అన్నానో లేదో మ్యాపు తీసి దారి చూపిస్తోంది. "వాపు" అనేలోపే వినడం మానేసింది, అచ్చు నీలాగే.

సత్యవతి: మధ్యలో ఆగి పొడుం పీలిస్తే మైకు ఆగిపోదూ? గుక్క తిప్పుకోకుండా "పాదాల వాపు ఎందుకొస్తుంది" అనండి.

సూర్రావు: (గట్టిగా) పాదాల వాపు ఎందుకొస్తుంది!

సత్యవతి: మెల్లగా! రేవులో గేదెలు బెదిరిపోతున్నాయి.

సూర్రావు: గుండె, కిడ్నీ, లివరు... మూడూ పోయాయట. పెద్దోణ్ణి రమ్మని కబురెట్టు.

సత్యవతి: అది పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర జాతకాల కట్టండీ. ఉన్నవన్నీ చూపిస్తుంది, అన్నీ మీవి కావు.

సూర్రావు: పోనీ, మొట్టమొదటిది నొక్కా. తెల్లగలిజేరు పొడి, నెలకి 1,499.

సత్యవతి: దాని నెత్తిన "స్పాన్సర్డ్" అని ఉంది చూడలేదా? డబ్బిచ్చి పైకెక్కినవాడు. సంతలో ముందు కూర్చున్నంత మాత్రాన వంకాయ లేతదైపోతుందా?

సూర్రావు: చీమల్లాంటి అక్షరాలు, ఎలా కనపడతాయి?

సత్యవతి: సెట్టింగ్స్, డిస్‌ప్లే, ఫాంట్ సైజు. గీత మీద చుక్కని కుడికి లాగాలి. ఇలా ఇవ్వండి.

సూర్రావు: ఇవ్వను! మొన్న మనవరాలూ అంతే. టకటకా నొక్కేసి "తెలిసిందా తాతయ్యా" అంది. దాని వేళ్ళు చురుకని తెలిసింది. నా వేలు నొక్కితేగానీ నాకు రాదు.

సత్యవతి: సరే, నా చేతులు కొంగులో చుట్టేసుకున్నా. (నోరు మాత్రం చుట్టుకోలేదు.) ఈమధ్య మీ ఒంట్లోకి కొత్తగా వెళ్ళిందేంటి?

సూర్రావు: మీ తమ్ముడు తెచ్చిన కాకినాడ కాజా.

సత్యవతి: బీపీ మాత్ర! 5 నుంచి 10 చేశారు కదా. స్ట్రిప్పు తియ్యండి. దాని మీద కంపెనీ పెట్టుకున్న పేరొకటి ఉంటుంది. అసలు మందు పేరు వేరే ఉంటుంది, అది చూడండి.

సూర్రావు: అక్కడే చింపి మింగేశా.

సత్యవతి: పేరున్న వైపు ఆఖరున చింపమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి! ఇదిగో కొత్తది.

సూర్రావు: అమ్లోడిపిన్, 10 మి.గ్రా.

సత్యవతి: మందు పేరు నోటితో చెబితే ఇంకేదో వింటుంది. స్ట్రిప్పు చూస్తూ ఒక్కో ఇంగ్లీషు అక్షరం కొట్టండి. పక్కన మెడ్‌లైన్‌ప్లస్ అని చేర్చండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్ళది, 1998 నుంచి నడుపుతున్నారు. అందులో ప్రకటనలుండవు, పొడులమ్మరు.

సూర్రావు: ఇంగ్లీషులో తగలడింది.

సత్యవతి: పైన మూడు చుక్కలు నొక్కి, ట్రాన్స్‌లేట్, తెలుగు. ఆ తెలుగు కొంచెం వంకరగా ఉంటుంది. మోతాదు అంకెలు మాత్రం ఇంగ్లీషులోనే సరిచూసుకోండి.

సూర్రావు: (వేలు పెట్టి కూడబలుక్కుంటూ) చేతులు... పాదాలు... చీలమండలు... వాయవచ్చు. ఓసినీ! రేపట్నించీ మాత్ర బంద్.

సత్యవతి: బీపీ తాటిచెట్టెక్కుతుంది! డాక్టరుతో మాట్లాడకుండా ఆపొద్దని అందులోనే ఉంది, అదీ చదవండి. ఈ మందు మోతాదు పెరిగితే వాపూ పెరగొచ్చు. తగ్గించాలో, మార్చాలో, అసలు కారణం వేరేనో ఆయన చూసి చెబుతాడు.

సూర్రావు: అంతదాకా ఫోనునే అడుగుతా.

సత్యవతి: ఒక్క కాలే వాచి నొప్పెడితే ఫోను పక్కన పడేసి ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆయాసమో, గుండెనొప్పో వస్తే ఆ ఫోనుతోనే 108కి కొట్టాలి. ఇప్పుడు క్యాలెండరు వెనక రాయండి: వాపు ఎప్పుడు మొదలైంది, రెండు కాళ్ళకీ ఉందా, సాయంత్రానికి ఎక్కువవుతోందా, ఇంకే మందులు వేసుకుంటున్నారు.

సూర్రావు: రాశా. ఆ పొద్దుటి ఆయుర్వేదం గోళీ కూడా రాయాలా?

సత్యవతి: ఏ గోళీ?!

సూర్రావు: రాశాలే, రాశాలే. రేపు డాక్టరు గారు ఉంటారా?

సత్యవతి: ఉంటారు. బుధవారాలు మాత్రం భీమవరంలో కాదట... కాళ్ళలో చూస్తున్నారట.

సూర్రావు: చూశావా! ఫోను పొద్దున్నే చెప్పింది. వినందే నువ్వు!