సైంధవుణ్ణి మరచిపోయిన ఫార్వర్డు

ఈ వారంలో ఇది నాలుగోసారి. నాలుగు వేర్వేరు గ్రూపులు, అదే మెసేజ్. పైన నిప్పు బొమ్మలు, కింద ‘ప్రతి భారతీయుడూ చదవాలి’ అన్న ఆజ్ఞ. పేరు ‘బ్లిట్జ్‌క్రీగ్ (మెరుపు యుద్ధం): యుద్ధ చరిత్రను మార్చిన రహస్యం’. అందులో ఉన్నదంతా ఆరు ముక్కలు. హిట్లర్ కొత్త యుద్ధశాస్త్రం కనిపెట్టాడు. జర్మనీ దగ్గర లెక్కలేనన్ని ట్యాంకులుండబట్టే ఫ్రాన్స్ ఆరు వారాల్లో పడిపోయింది. ఫ్రెంచివాళ్ళు పిరికివాళ్ళు. రష్యాను గెలిపించింది చలి, జనాభా. డ్రోన్లొచ్చాక ట్యాంకుల పని అయిపోయింది. కాబట్టి మనం కూడా 72 గంటల్లో శత్రువు రాజధాని మీద పడితే యుద్ధం ముగిసినట్టే.

ఆ ఆఖరి ముక్క లేకపోతే చదివి ఊరుకునేవాణ్ణి. మిగతావి గబగబా తేల్చేసి దాని దగ్గరికి వస్తాను.

కనిపెట్టడం సంగతి. జర్మన్ సైన్యం చేతిలో పెట్టుకుని పోరాడిన 1933 నియమావళిలో ‘బ్లిట్జ్‌క్రీగ్’ అన్న మాటే లేదు. దాన్ని ఊరూరా తిప్పింది ఎక్కువగా బయటి పత్రికలు. 1941 నవంబరులో హిట్లరే అది తెలివితక్కువ మాట, తానెప్పుడూ వాడలేదు అన్నాడు. ఇక పద్ధతంటారా, గట్టిగా ఉన్న చోటు వదిలేసి సందుల్లోంచి చొరబడటం 1918 మార్చిలోనే జర్మన్ కాల్బలం చేసింది. దాదాపు 60 కిలోమీటర్లు ముందుకెళ్ళింది కూడా. తర్వాత ఫిరంగులు, తిండి వెనకే ఉండిపోయి ఆగిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ట్యాంకుల లెక్క తలకిందులు. 1940 మేలో జర్మనీ దించినవి సుమారు 2,400. ఒక్క ఫ్రాన్స్ దగ్గరే 3,000కు అటూ ఇటూ. జర్మన్ ట్యాంకుల్లో పాంజర్-1కు ఉన్నవి రెండు మెషిన్‌గన్లు, అంతే. ఫ్రెంచి ట్యాంకు షార్ బి1 బిస్ ముందు కవచం 60 మిల్లీమీటర్లు. పాంజర్-3 కొట్టే 37 మిల్లీమీటర్ల గుండు దానికి తగిలి జారిపోయేది. మరి ఫ్రెంచి ట్యాంకుకు వచ్చిన కష్టమేమిటి? దాని గోపురంలో, అంటే ఫిరంగి ఉండి పైన తిరిగే గదిలో, ఉండేది ఒకే మనిషి. గుండు నింపాలి, గురి చూడాలి, పేల్చాలి, డ్రైవరుకు దారి చెప్పాలి, పక్క ట్యాంకు ఎటు పోతోందో చూడాలి, అన్నీ ఆయనే. చాలావాటిలో రేడియో లేదు కాబట్టి జెండా ఊపాలి కూడా. పాంజర్-3 గోపురంలో ఈ పని ముగ్గురు పంచుకుంటారు. కమాండరుకు చూడటం, చెప్పడం తప్ప వేరే పని లేదు. అక్కడ గెలిచింది ఇనుము బరువు కాదు, ఖాళీగా ఉన్న ఆ ఒక్క జత కళ్ళు.

ఇంకోటి. ఆ ‘యాంత్రిక’ సైన్యంలో పాంజర్ డివిజన్లు, అంటే ట్యాంకు దళాలు, పదే పది. మిగతా వంద పైచిలుకు డివిజన్లలో దాదాపు అన్నీ కాలినడకన, గుర్రబ్బండ్ల మీద వచ్చాయి. 1941లో రష్యా మీదికి 6 లక్షలకు పైగా గుర్రాలు వెళ్ళాయి. ఫార్వర్డులోని బొమ్మలో ఒక్క గుర్రమూ లేదు.

పిరికితనం మాటకు జవాబు కూడా దండగే. ఆరు వారాల్లో 50 వేలకు పైగా ఫ్రెంచి సైనికులు చనిపోయారు. స్టోన్ అనే చిన్న ఊరు మే 15, 17 మధ్య పదిహేడు సార్లు చేతులు మారిందంటారు. అయితే మే 13 సాయంత్రం బుల్సన్ అనే ఊరి దగ్గర ట్యాంకులొచ్చేశాయన్న పుకారుకు ఫిరంగి దళాలు పారిపోయిన మాట వాస్తవం. అప్పటికి ఒక్క జర్మన్ ట్యాంకు కూడా మ్యూజ్ నది దాటలేదు. దాటింది రబ్బరు పడవల్లో కాల్బలం, ఇంజినీర్లు. ఆ రాత్రి వంతెన కట్టాకే ట్యాంకులు వచ్చాయి. ఓటమికి అసలు కారణం పైన ఉంది. ఫ్రెంచి సర్వసేనాని గామెలిన్ చేతిలో అదనపు బలంగా ఉన్న ఏడో సైన్యాన్ని ముందే హాలండ్ వైపు పంపేశాడు. మ్యూజ్ ఒడ్డున సెడాన్ దగ్గర గండి పడ్డాక పూడ్చడానికి మిగిలిందేమీ లేదు.

ఇక్కడ అభిమన్యుడి కథ తలుచుకోవాలి. పద్మవ్యూహంలోంచి బయటికి రావడం తెలియక చనిపోయాడనే అందరూ చెప్తారు. కానీ ఒంటరిగా వెళ్ళిరమ్మని ఆయన్నెవరూ పంపలేదు. నువ్వు తలుపు తెరువు, వెనకే మేం వస్తాం అన్నారు. ఆ వెనక రావలసిన భీముణ్ణి సైంధవుడు గుమ్మంలో ఆపేశాడు. చావు అక్కడ ఖాయమైంది. 1940లో జర్మన్ ట్యాంకు సేనాని గుడేరియన్ మే 20కల్లా సముద్రం చేరాడు. వెనక కాల్బలం ఎన్నో రోజుల నడక దూరంలో ఉంది. మరునాడు ఆరాస్ దగ్గర బ్రిటిష్ వాళ్ళు 74 ట్యాంకులతో పక్కనుంచి పొడిస్తేనే జర్మన్ పైఅధికారులు వణికారు. అదే చోట ఇంకో పది డివిజన్లుంటే? ఫ్రాన్స్‌కు సైంధవుడు లేడు, హాలండ్ వెళ్ళాడు. ‘రహస్యం’లో సగం అదే.

చలి. 1941 నవంబరు ఆఖరుకే, అంటే గడ్డకట్టే చలి ముదరకముందే, తూర్పున జర్మన్ నష్టం చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి 7 లక్షల 40 వేలు. వేసవిలో, ఎండలో, దుమ్ములో పోయిన మనుషులు వాళ్ళలో ఎక్కువ. పైగా చలి రష్యా సైనికుడికి సెలవిచ్చిందా?

జనాభా సంగతి ఇంకా చిరాకు. రష్యాను గెలిపించింది తలకాయల లెక్కొక్కటే కాదు, ఒక విద్య. వ్యూహం, ఎత్తుగడలు అన్న జంట మాటలు మనకు పార్టీ సభల పుణ్యమా అని కంఠతా వచ్చు. ఆ రెంటికీ నడుమ ఇంకో మెట్టుందని 1920ల్లో చెప్పినవాడు స్వెచిన్ అనే రష్యన్ సేనాని. దానికి ఆపరేషనల్ ఆర్ట్ అని పేరు పెట్టాడు. ఎత్తుగడలు అడుగులు, అడుగులు కూడి ఆపరేషన్ అనే గంతు, గంతులు ఎటు వెయ్యాలో చెప్పేది వ్యూహం. ఒక పోరు గెలిస్తే దేశం పడిపోయే రోజులు పోయాయి. ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకునే సందివ్వకుండా పోరాటాలను గుచ్చాలి. ట్రియాండఫిల్లోవ్ అనే ఇంకో సోవియట్ సేనాని దీన్ని టన్నుల్లో, కిలోమీటర్లలో లెక్క కట్టాడు. మార్షల్ తుఖచెవ్‌స్కీ సైన్యాన్ని ఆ అచ్చులో పోశాడు. స్టాలిన్ 1937లో తుఖచెవ్‌స్కీని, మరుసటేడు స్వెచిన్‌ని కాల్పించాడు. 1941లో దానికి కట్టిన మూల్యం తెలిసిందే.

ఆ విద్య పూర్తిగా పండింది 1944 జూన్‌లో, బేలరూస్‌లో జరిగిన బగ్రాతియోన్ అనే సోవియట్ దాడిలో. దాడి దక్షిణాన ఉక్రెయిన్ వైపునుంచే వస్తుందని జర్మన్లను నమ్మించి, వాళ్ళ పాంజర్ డివిజన్లలో ఎక్కువభాగం అక్కడే ఉండేలా చేశారు. బొబ్రూయిస్క్ దగ్గర బురద నేల, ట్యాంకు రాదన్న ధీమా. అక్కడి సోవియట్ సేనాని రొకొసొవ్‌స్కీ మనుషులు దుంగలు పరిచి బాటలు వేశారు, ఊబిలో దిగబడకుండా కాళ్ళకు కొమ్మలతో అల్లిన తట్టల్లాంటివి కట్టుకున్నారు. దాడికి ముందు గెరిల్లాలు వెనకున్న రైలు పట్టాలను వేల చోట్ల పేల్చారు. అసలు చూడాల్సింది వరస. గండి కొట్టే పని ఫిరంగులది, కాల్బలానిది. ట్యాంకు కోర్‌ను, అంటే పెద్ద ట్యాంకు దళాన్ని, ఆ పనికి ఖర్చు పెట్టరు; గండి పడ్డాకే దాన్ని వదులుతారు. అది లోపల తెగించి పోతుంటే రెండో వరస గండి అంచులు పట్టుకుని కూర్చుంటుంది. సైంధవుడికి నిలబడే చోటే ఉండదు. జూలై 3న మిన్‌స్క్ చేతికొచ్చింది. జర్మన్ మధ్య సైన్య సమూహంలో 28 డివిజన్లు తుడిచిపెట్టుకుపోయాయి.

ఒక మాట ఒప్పుకుంటాను. ఫార్వర్డు రాసినాయన ‘రష్యా ప్రాణాలు లెక్కచెయ్యలేదు’ అన్నాడు. అది నిజం. ఇంత చక్కగా నడిచిన బగ్రాతియోన్‌లోనే వాళ్ళకు చచ్చినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు 1 లక్షా 78 వేలు. యుద్ధం మొత్తమ్మీద చనిపోయిన సైనికుల అధికారిక లెక్కే 86 లక్షలు దాటింది. విద్య ఉంది కాబట్టి రక్తం తక్కువ పోయిందని నేననను. ఆ సైన్యం అంత వేగంగా కదిలిన లారీల్లో చాలావాటి మీద అమెరికా స్టూడ్‌బేకర్ ముద్ర ఉందన్నదీ నిజమే.

డ్రోన్లా? 1973లో సినాయ్‌లో చేత్తో మోసే క్షిపణులు చూసి కూడా ట్యాంకు చచ్చిందని రాశారు. చావలేదు. ముందుకు పోదాం.

ఇక 72 గంటలు. దీన్ని రాసినాయన జీవితంలో ఒక్క లారీకీ డీజిల్ లెక్క రాయలేదని పందెం కడతాను. ఒక పాంజర్ డివిజన్‌కు ఇంధనం, గుండ్లు, తిండి కలిపి రోజుకు 300 టన్నులు అనుకుందాం. 3 టన్నుల లారీ అయితే రోజుకు వంద లారీలు దిగాలి. డిపో వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే పొద్దున వెళ్ళి రాత్రికి వస్తాయి, వందతో సరిపోతుంది. డిపో 500 కిలోమీటర్ల వెనక పడిందనుకోండి, మట్టి రోడ్ల మీద రానూపోనూ ఐదారు రోజులు. అదే 300 టన్నులకు ఇప్పుడు 500, 600 లారీలు కావాలి. నూరు కిలోమీటర్లకు 30 లీటర్లే తాగినా ఒక్కో లారీ ట్రిప్పుకు 300 లీటర్లు మింగుతుంది, అంటే ఇంచుమించు ఒక పాంజర్-3 ట్యాంకు నిండేంత. ఇది ఒక్క డివిజన్ లెక్క. విరిగిన స్ప్రింగులు, పంక్చర్లు, దారి తప్పినవి కలపలేదు. 1941లో జర్మన్ సరఫరా అధికారులు సరిహద్దు నుంచి సుమారు 500 కిలోమీటర్ల దాకానే లారీలతో నెట్టుకురాగలమని ముందే లెక్కేశారు. మాస్కో దానికి రెండింతలు.

రైలు ఉందిగా అంటారు. రష్యా పట్టాల వెడల్పు 1,524 మిల్లీమీటర్లు, జర్మనీది 1,435. ఒకవైపు పట్టాను 89 మిల్లీమీటర్లు లోపలికి జరపడం తేలికే. చెక్క స్లీపర్లు, మేకులు పీకి కొట్టడమే. తర్వాత మొదలవుతుంది తంటా. రష్యా ఇంజిన్లు పెద్దవి, నీళ్ళు పట్టుకునే స్టేషన్లు దూరదూరంగా ఉంటాయి. జర్మన్ ఇంజిన్ నడుమ దారిలోనే దాహంతో ఆగుతుంది. రెండు గేజీలు కలిసేచోట సరుకంతా దింపి ఎక్కించాలి. ఒకప్పటి గుంతకల్లు గుర్తున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

‘మరి 1971లో బంగ్లాదేశ్ యుద్ధం 13 రోజుల్లో అయిపోలేదా’ అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. అయింది. ఏప్రిల్‌లో దూకమంటే అప్పటి మన సైన్యాధిపతి మానెక్‌షా ఒప్పుకోలేదు. వానలు తగ్గాలి, చైనా దిగకుండా హిమాలయ కనుమలు మంచుతో మూసుకోవాలి, రైళ్ళు ఖాళీ కావాలి అన్నాడు. ఆ 13 రోజుల వెనక ఎనిమిది నెలలు సరుకు చేరవేసిన పనుంది. డిసెంబరు 9న మేఘన నది మీదుగా హెలికాప్టర్లలో దళాలను దాటించగలిగారంటే అప్పటికే వెనక అంతా సిద్ధంగా ఉండబట్టే.

72 గంటల పథకాన్ని నిజంగా వేసి చూసినవాళ్ళూ ఉన్నారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా పారాట్రూపర్లు హెలికాప్టర్లలో కీవ్ పక్కనున్న హోస్తొమెల్ విమానాశ్రయంలో దిగారు. అభిమన్యుడు తలుపు తెరిచాడు. వెనక పెద్ద రవాణా విమానాల్లో మిగతా బలగం దిగాలి. ఉక్రెయిన్ ఫిరంగులు రన్‌వే మీద గుంటలు పెట్టాయి, ఆ విమానాలు దిగలేదు. రోడ్డు మీద వచ్చిన బలగం 60 కిలోమీటర్లకు పైగా పొడవున ఒకే వరసలో ఇరుక్కుంది. ఐదు వారాల తర్వాత కీవ్ చుట్టుపక్కల నుంచి అందరూ వెనక్కి వెళ్ళిపోయారు.