గుండాట డబ్బా గారికి

మహారాజశ్రీ గుండాట డబ్బా గారి సముఖమునకు,

భోగి రాత్రి మన పరిచయం మీకు గుర్తుండదు లెండి. కోడిపందేల బరి వెనకాల షామియానా కింద, కడుపులో పాచికలు వేసుకుని ఊగుతున్న మీ చుట్టూ మూడు వరుసల జనం. అందులో నీలం చొక్కావాణ్ని నేను. తమరికి 2,300 రూపాయలు సమర్పించుకుని ఇంటికెళ్లాను.

నిజానికి కోడిపందెం చూసి వెళ్లిపోదామనే వచ్చానండి. బావ లాక్కొచ్చాడు. "లెక్క చూడు బామ్మర్దీ. పట్టా మీద ఆరు అంకెలు, డబ్బాలో మూడు పాచికలు. ఆరింట మూడు, అంటే సగానికి సగం. మనం కాసిన అంకె ఒక పాచిక మీద పడితే ఒకటికి ఒకటి, జత పడితే ఒకటికి రెండు, మూడూ అదే పడితే ఒకటికి మూడు. మన డబ్బు మనకి రావడమే కాకుండా ఇదంతా పైన. ఇది పందెమా, అన్నదానమా?" అన్నాడు. మీ ఓనరు "కాయ్ రాజా కాయ్" అని పిలుస్తుంటే నాకూ విస్తరి వేసినట్టే అనిపించింది.

ఇంటికొచ్చాక మీ పాచికల్లో సీసం పోసి ఉంటారని తిట్టుకున్నాను. డబ్బు పోగొట్టుకున్నవాడికి ముందు వచ్చే ఆలోచన అదే. పండగ నాడు మధ్యాహ్నం అరిసెలు ఎక్కువై నిద్ర పట్టక, పాత క్యాలెండర్ వెనకాల లెక్క వేశాను. ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నానండి. సీసం అక్కర్లేదు. తమరు నిజాయితీగా ఊగితే చాలు.

నేను నాలుగు మీద కాశాననుకోండి. ఒక పాచిక మీద నాలుగు పడకుండా ఉండే దారులు ఆరింట అయిదు. మూడు పాచికలకీ కలిపి అయిదు అయిదులు అయిదులు, 125. మొత్తం దారులు 216. అంటే నాలుగు ఒక్కటైనా పడేది 91 సార్లే. నూటికి 42. బావ చెప్పిన సగంలో ఎనిమిది ఎటు పోయాయి?

బావకి భిన్నాలు ఎక్కవు. అందుకని మనుషుల్ని పెట్టి చెప్పాను. ఆరుగురు, ఆరు గళ్ళ మీదా తలో వంద కాశారు. మూడు వేర్వేరు అంకెలు పడ్డాయి. ఓడిన ముగ్గురి మూడొందలు గెలిచిన ముగ్గురికీ వెళ్లిపోయాయి. మీ ఓనరుకి పైసా మిగల్లేదు. ధర్మాత్ముడు! ఈసారి జత పడింది. ఓడింది నలుగురు, నాలుగొందలు. జతవాడికి రెండొందలు, మూడో పాచికవాడికి వంద. ఇంకో వంద? మూడూ ఒకటే పడితే ఓడినవాళ్లవి అయిదొందలు, గెలిచినవాడికి మూడొందలు. మిగతా రెండొందలో?

ఇక్కడే తమరికి దణ్ణం పెట్టాను. జత పడగానే షామియానా ఎగిరిపోయేలా కేకలు వేస్తాం కదా, సరిగ్గా ఆ కేకల్లోనే వంద నోటు ఓనరు గల్లాపెట్టెలోకి జారుతోంది. 216 ఊపుల్లో జతలు 90, మూడూ ఒకటే అయ్యేవి 6. అంతా కూడితే మేం కాసిన ప్రతి నూటికీ తమరి దక్షిణ 7 రూపాయల 87 పైసలు. జతకి ఒకటికి మూడు, మూడూ పడితే ఒకటికి అయిదు ఇచ్చి ఉంటే లెక్క సరిపోయేది, ఎవరి సొమ్ము వాళ్ల దగ్గరే తిరిగేది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడాదికి నూటికి ఏడు వస్తే మా నాన్న వీధంతా చెప్పుకుంటాడు. తమరు నిమిషానికోసారి అంతకంటే ఎక్కువ లాగుతూ కిక్కురుమనరు.

పక్క షామియానాలో మీ తమ్ముడు ఇంకా ఘనుడు. జత పడ్డా, మూడూ పడ్డా ఒకటికి ఒకటే ఇస్తాడు. ఆయన దక్షిణ నూటికి 15 రూపాయల 74 పైసలు. అక్కడా జనమే.

నలుడి కథ మీకు తెలిసే ఉంటుంది. ఋతుపర్ణుడు రథంలో కూర్చునే తాండ్రచెట్టుకున్న ఆకులూ కాయలూ ఎన్నో లెక్క చెప్పేశాడు. ఆ తాండ్రకాయలే వేదకాలంలో పాచికలు. ఆయన దగ్గర అక్షహృదయం, అంటే పాచికల గుట్టు తెలిసే విద్య, నేర్చుకుని నలుడు మళ్లీ జూదమాడి, పోగొట్టుకున్న రాజ్యం గెలుచుకున్నాడు. నేనూ ఒక పండగపూట ఖర్చుపెట్టి నా వంతు అక్షహృదయం నేర్చుకున్నానండి. ఏం లాభం? నలుడికి ఎదురుగా ఆయన తమ్ముడు పుష్కరుడు కూర్చున్నాడు, నాకెదురుగా తమరు. ఏ గడి మీద కాసినా అదే 91. నా విద్యకి రాజ్యం రాదు, రసీదు మాత్రం వస్తుంది.

ఇంతవరకూ రాసేసరికి మీ దగ్గర్నుంచే బావ ఫోను. వెనకాల డబ్బా చప్పుడు, అంటే మీ గొంతే, వినిపిస్తోంది. తను చూస్తుండగా ఇరవై ఊపులైందట, నాలుగు ఒక్కసారీ పడలేదట. ఇప్పుడు పడి తీరుతుందట. అర్జంటుగా రెండు వేలు ఫోన్‌పే చెయ్యమన్నాడు.

"పాచికలకి వెనకటి ఊపు గుర్తుండదు బావా. ఇరవై ఒకటోసారి కూడా 216లో తొంభై ఒకటే" అన్నాను.

"నేను నాలుగు గురించి చెబుతుంటే నువ్వు తొంభై ఒకటి అంటావేంటి బామ్మర్దీ? పట్టా మీద అసలు అంత అంకె లేదు" అన్నాడు.

ఇట్లు,
నీలం చొక్కా