పాలపుంతకు ఒక హెల్మెట్, మద్దిలపాలేనికి ఒక హెల్మెట్

శిరస్త్రాణ నిర్మాణంలో విశాఖపట్నం యువత చూపుతున్న ప్రతిభను ప్రభుత్వం ఇంతవరకు గుర్తించకపోవడం మిక్కిలి విచారకరం. సైన్స్ ఫిక్షన్ సినిమాలోని హెల్మెట్టుకు అచ్చుగుద్దినట్టు నకలు తీసే ఔత్సాహికులకు, తెరమీద క్షణకాలం కనిపించి పేలిపోయే సైనికుడి నెత్తి కొలతలు సైతం మిల్లీమీటర్లతో సహా కంఠతా వచ్చు.

ఆ శ్రద్ధను దగ్గరగా చూసి తీరాలి. త్రీడీ ప్రింటర్ పొరలుపొరలుగా పోసిన ప్లాస్టిక్ డొప్పకు పుట్టీ పట్టించి, నునుపు తేలేదాకా గరుకు కాగితంతో రుద్ది, ముందు వెండి రంగు కొట్టి, దానిమీద అక్కడక్కడ ద్రవ రబ్బరు అద్ది, ఆపైన అసలు రంగు వేసి, ఆరిన తరువాత ఆ రబ్బరును గోటితో గిల్లేస్తారు. అప్పుడు రంగు పెచ్చులూడి లోపలి లోహం బయటపడినట్టు కనిపిస్తుంది. యుద్ధం జరగలేదు గాని గాయం మాత్రం సాధికారికం. అయితే పీఎల్ఏ అనే ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కనుక, నక్షత్రాల నడుమ పోరాడిన ఆ వీరశిరస్సు బీచ్ రోడ్డులో, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో, మూతి వంకర పోయే ప్రమాదం లేకపోలేదు.

1977 నాటి స్టార్ వార్స్ సినిమాలోని తెల్ల సైనికుల హెల్మెట్టు శిల్పమా, కాదా అన్న తగవు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, శిల్పం కాదని 2011లో తీర్పు వచ్చింది. సినిమాలో దానికి ఒక ప్రయోజనం ఉన్నదట. ఆ న్యాయమూర్తులు మద్దిలపాలెం కూడలిలో ఒక్క పూట నిలబడి ఉంటే, ప్రయోజనం ఏమాత్రం లేని స్వచ్ఛమైన శిల్పమంటే ఏమిటో తెలిసేది. ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం తయారై ఐఎస్ఐ ముద్ర వేయించుకున్న అసలు హెల్మెట్టు ఇక్కడ బండి అద్దానికి వేలాడుతుంది, మోచేతికి కడియమవుతుంది, పెట్రోలు ట్యాంకు మీద ఆసీనమవుతుంది. ట్రాఫిక్ పోలీసు కనబడ్డప్పుడు మాత్రం, గడ్డం కింద పట్టీ బిగించే శ్రమ లేకుండా, తలమీద కాసేపు విశ్రమిస్తుంది. నాలుగేళ్లు దాటిన ప్రతివారూ, వెనక కూర్చున్నవారితో సహా, దానిని ధరించాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే కాని, చట్టానికి మన ఉక్కపోత సంగతి తెలియదు కదా! గాలి ఆడని నకలు హెల్మెట్టును ప్రదర్శనలో పూటంతా మోసేవారికి మాత్రం ఆ ఉక్క తగలదు.

కాబట్టి రవాణా శాఖకు నా విన్నపం ఒక్కటే: ఐఎస్ఐ హెల్మెట్లను కూడా గ్రహాంతర యుద్ధాల్లో వాడినవిగా ప్రకటించాలి. ప్రస్తుతానికి గాజువాక నుంచి సిరిపురం దాకా బోడితలతో బండి నడిపే అన్న, బుడగల ప్లాస్టిక్‌లో నాలుగు చుట్లు చుట్టిన నకలును వెనక కూర్చున్న తమ్ముడి ఒళ్లో పెట్టి, “స్పీడ్ బ్రేకర్ వస్తే నన్ను కాదురా, దాన్ని పట్టుకో” అని హెచ్చరిస్తున్నాడు.