సున్నా డిగ్రీల స్వేచ్ఛ, సంపూర్ణ సత్యం

కొలతలోని దోషాన్ని వదిలించుకోవడానికి అన్నిటికన్నా చవకైన ఉపాయం, అది లేదనుకోవడం. ఏది దేనికి కారణమో బాణాల పటంగా గీసి, ఒక్కో బాణం బలాన్ని లెక్కగట్టే పాత్ అనాలిసిస్ మనకిచ్చిన వరం ఇదే. ఆత్మవిశ్వాసం గురించి నాలుగు ప్రశ్నలడగండి. ఒకటి నుంచి ఐదు దాకా వచ్చిన జవాబుల్ని కూడి నాలుగుతో భాగించి, వచ్చిన సగటును ఆ పటంలో ఒక చతురస్రంలో పెట్టండి. ఇక ఆ సగటే ఆత్మవిశ్వాసం. జవాబిచ్చినాయన ఆ పూట విసుగ్గా ఉన్నాడా, మూడో ప్రశ్న తలకిందులుగా అర్థమైందా అన్న గొడవలేవీ ఆ చతురస్రం గడప తొక్కవు.

ఈ పద్ధతికి ఆద్యుడు స్యూవల్ రైట్. 1920లో గినీ పందుల ఒంటి మీది మచ్చల్లో వంశపారంపర్యం వాటా ఎంతో తేల్చడానికి ఆయన బాణాల పటం గీశాడు. గినీ పందిని ఎవరూ ప్రశ్నావళి నింపమనలేదు. మనం నింపమంటున్నాం, బాణాలు మాత్రం అవే.

అవే బాణాలకు కొలతలోని దోషాన్ని కూడా జోడించే స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్ వాళ్లు మనల్నిలా సుఖపడనివ్వరు. ఆత్మవిశ్వాసం కంటికి కనబడదు గనక దాన్ని అండాకారంలో గీయాలట. అందులోంచి నాలుగు ప్రశ్నలకు నాలుగు బాణాలు, ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో దోషం. అండానికి కొలబద్ద ఉండాలి కాబట్టి ఒక బాణం విలువను 1 దగ్గర బిగించాలి. అది మరిచిపోతే మోడల్ గుర్తింపుకే నోచుకోదు, అంటే అందులోని అంకెలకు ఒకే జవాబంటూ తేలదు. ముందు అండానికీ ప్రశ్నలకూ మధ్య ఉన్న కొలత మోడల్ కుదిరిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కారణాల జోలికి వెళ్లాలని మరో నియమం. ఇంత చాదస్తం ఎవరికి కావాలి?

లెక్క చూస్తే మన పద్ధతి ఔన్నత్యం తెలుస్తుంది. మూడు భావనలు, మూడు చతురస్రాలు. డేటా ఇచ్చే వేరియన్సులు (ఒక్కోటి ఎంత చెదిరిందో), కోవేరియన్సులు (రెండేసి కలిసి ఎంత కదిలాయో) కలిపి 6. మూడు బాణాలు, మూడు వేరియన్సులు, అంటే మనం లెక్కగట్టమని అడిగేవీ 6. మోడల్‌ను పరీక్షించడానికి మిగిలినవి, అంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, సున్నా. మోడల్ డేటాకు ఎంత కుదిరిందో (ఫిట్) చెప్పే కొలతలు చూడండి: కై-స్క్వేర్ సున్నా, ఆర్ఎంఎస్ఈఏ సున్నా, సీఎఫ్ఐ 1, మూడూ అత్యుత్తమమే. సీఎఫ్ఐ 0.95కి, ఆర్ఎంఎస్ఈఏ 0.06కి అటూ ఇటూగా ఉంటే చాలని 1999 నుంచి లోకం గణాంక పరిశోధకులు హూ, బెంట్లర్ల మాట పట్టుకుని వేలాడుతోంది. మనకు గీత దాటడం కాదు, శిఖరమే దక్కింది. ఓడిపోయే వీలే లేని పరీక్షలో నూటికి నూరు వచ్చాయన్నది అసూయాపరుల మాట. అవే మూడు భావనల్ని తలా నాలుగు ప్రశ్నలతో అండాలుగా గీస్తే డేటా ఇచ్చేవి 78, అడిగేవి 27. మిగిలిన 51 డిగ్రీలూ మోడల్ పరువు తీయడానికి కాచుకుని ఉంటాయి.

అసలు వైభవం మధ్యవర్తి చలరాశి దగ్గర, అంటే కారణానికీ ఫలితానికీ నడుమ నిలిచేదాని దగ్గర చూడాలి. శిక్షణ గంటలు ఆత్మవిశ్వాసాన్ని 0.6 మేరకు, ఆత్మవిశ్వాసం ఉత్పత్తిని 0.5 మేరకు పెంచుతాయనీ, శిక్షణకు నేరు ప్రభావం అసలే లేదనీ అనుకుందాం. గంటలూ ఉత్పత్తీ రిజిస్టరులో కచ్చితంగా ఉన్నాయి. ఆత్మవిశ్వాసం కొలతకు మాత్రం విశ్వసనీయత (కొలతలో దోషం పోగా మిగిలే నిజం వాటా) 0.64. దాని వర్గమూలం 0.8 గనక ఆత్మవిశ్వాసం తగిలిన సహసంబంధాలన్నీ ఆ మేరకు కుంగుతాయి: 0.6 కాస్తా 0.48, 0.5 కాస్తా 0.40. శిక్షణకూ ఉత్పత్తికీ మధ్య ఉన్న 0.30 చెక్కుచెదరదు. ఇక పాత్ అనాలిసిస్ నడపండి. ఆత్మవిశ్వాసం ప్రభావం 0.33కి పడిపోతుంది, శిక్షణకు 0.14 నేరు ప్రభావం శూన్యంలోంచి పుడుతుంది. నాలుగు వందల మంది నమూనా ఉంటే దాని టీ విలువ సుమారు 2.7, అంటే ఇది కాకతాళీయం కాదని పట్టికలో చాటే నక్షత్రం గుర్తుతో సహా పుట్టినట్టే. "పాక్షిక మధ్యవర్తిత్వం కనుగొన్నాం" అని రాసేయండి. నమూనా పెంచితే నక్షత్రాలు పెరుగుతాయి, 0.14 ఎక్కడికీ పోదు.

అండాల వాళ్లు మాత్రం కడిగిన ముత్యాలేం కాదు. ఫిట్ కుదరకపోతే ఏ బాణం చేరిస్తే ఫిట్ ఎంత మెరుగవుతుందో చెప్పే మాడిఫికేషన్ ఇండెక్స్ పట్టిక తెరిచి, అందులో 3.84 దాటిన ప్రతి జంట దోషాల మధ్యా వంకర బాణం గీసి రాజీ కుదుర్చుతారు. ఒక దోష వేరియన్స్ అసంభవమైన రీతిలో రుణాత్మకంగా వస్తే దాన్ని సున్నా దగ్గర కట్టేసి కళ్లు మూసుకుంటారు. ఇక బాణం దిశ విషయంలో రెండు శిబిరాలూ అన్నదమ్ములే: శిక్షణ నుంచి ఆత్మవిశ్వాసం మీదుగా ఉత్పత్తికి సాగే గొలుసును మొత్తంగా తిరగేసినా ఫిట్ అణుమాత్రం మారదు.

ఒక ప్రమాదం గురించి హెచ్చరించక తప్పదు. నాలుగు ప్రశ్నలూ విడివిడిగా దొరకకపోయినా, సగటు ఒక్కటే ఉన్నా, దాని దోష వేరియన్స్‌ను "ఒకటి మైనస్ విశ్వసనీయత, ఇంటూ వేరియన్స్" దగ్గర బిగించవచ్చు. పై ఉదాహరణలో 0.36 అన్న ఒక్క అంకె వేస్తే 0.5 తిరిగొస్తుంది, కష్టపడి కనుగొన్న 0.14 మాయమైపోతుంది. ఒక్క వరుస కమాండ్ పని. సహపరిశోధకుల చెవిన పడనివ్వకండి.

వ్యాసం శీర్షికలో "స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్" అనే పెట్టండి. పాత్ అనాలిసిస్ అందులో ఒక ప్రత్యేక రూపమే గనక అబద్ధమూ కాదు, పైగా రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. సమీక్షకుడు విశ్వసనీయత ఎంతని అడుగుతాడు. ఒకటో పట్టికలో ఆల్ఫా (విశ్వసనీయతకు వాడుకలో ఉన్న అంచనా) 0.64 అని నిజాయతీగా ప్రకటించండి. మూడో పట్టికలో బాణాలు లెక్కగట్టేటప్పుడు అదే విలువను 1 అనుకోండి. రెండు పట్టికల మధ్య ఒక పేజీ ఉండేట్టు చూసుకుంటే చాలు.